స్నేహితుని యిల్లు



చిన్ననాటి సంగతులు తలంచుకొనునప్పుడు మనలో అనేకులకు మొదట కండ్లకు కట్టునది సొంత యిల్లు కాదు, ఒక స్నేహితుని యిల్లు. ఇది వింతగా తోచవచ్చును. అయినను మీరొక నిమిషము కండ్లు మూసికొని చూడుడి. ఆ యింటి దర్వాజ ఏ రంగుదో, గడప యెంత యెత్తో, నీళ్ల కుండ ఏ మూలనుండెనో, మీ స్నేహితుని తల్లి యే మాటతో మిమ్మును పిలిచెనో మీకు జ్ఞాపకమున్నది. మీ సొంత యింటి కుండ ఏ మూలనుండెనో అంత త్వరగా తోచదు.

ఈ తలపు మేలైనదా, కాదా అని నన్ను కొందరు అడిగియున్నారు. గడచినదానిని తలంచుచు కూర్చుండుట విశ్వాసికి తగదని ఒకరందురు. పెద్దలను, పాత దినములను తలంచుకొనుట కృతజ్ఞత కాదా అని మరియొకరందురు. ఇద్దరి చేతిలోను వాక్యమున్నది. కాబట్టి వాక్యమును విసరుకొనుటకు ముందు ఈ తలపు ఎటువంటిదో చూతము.

1688లో స్విట్జర్లాండు దేశపు బాసెలు పట్టణములో యోహాన్నెస్ హోఫర్ అను యువకుడు వైద్యపట్టము కొరకు వ్రాసిన గ్రంథములో ఇంటిమీది బెంగకు ఒక రోగపు పేరు పెట్టెను. ఇంటికి తిరిగివచ్చుట అను గ్రీకు మాటను, నొప్పి అను గ్రీకు మాటను జతచేసి ‘నోస్టాల్జియా’ అనెను. చదువు కొరకు బెర్ను నుండి వచ్చిన ఒక విద్యార్థి చిక్కి చావునకు దగ్గరపడి, ఇంటి దారి పట్టించినంతనే తేరుకొనెనని అతడు వ్రాసెను. మన అవ్వలకు ఈ సంగతి గ్రీకు రాకపోయినను తెలియును. “పోరడు బెంగటిల్లిండు, ఇంటికి తోలుండ్రి” అందురు. మందు ఒక్కటే.

అయితే స్నేహితుని యింటిమీది బెంగకు ఈ మందు పనికిరాదు. ఏలయనగా అది యెన్నడును మన యిల్లు కాదు. తిరిగిపోవుటకు మనకు అచ్చట హక్కు లేదు, భాగము లేదు, పత్రము లేదు. మనము అచ్చట పుట్టలేదు, అచ్చట చావము. ఒకరు దయతో తలుపు తీసిరి గనుక లోపలికి పోతిమి, అంతే. ఇట్టి యింటి కొరకు మనసు లాగుట దేనిని గురించి?

నేనెరిగిన సీమను గూర్చియే చెప్పెదను. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల – ఈ మూడు ఊళ్లును 2016 అక్టోబరు 11 వరకు కరీంనగరు జిల్లాలోనివి. ఇప్పుడు మొదటి రెండును జగిత్యాల జిల్లాలోను, మూడవది రాజన్న సిరిసిల్ల జిల్లాలోను ఉన్నవి. జగిత్యాల పాత వాడలలో గూనపెంకుటిండ్లు గోడకు గోడ ఆనుకొని యుండెను. దర్వాజకు ఇరుప్రక్కల అరుగులు, లోపల నడుమ ఆకాశము కనబడు వాకిలి, దాని చుట్టును అర్రలు. వాన వచ్చినయెడల నాలుగు చూరుల నీళ్లును నడివాకిట పడి తూము గుండ వీధిలోనికి పారును. ఆ తూము దగ్గర కాగితపు పడవ పట్టుకొని నిలుచుండిన పిల్లవానికి ఊరిబయటి కోటకంటె ఆ తూమే ఘనమైనది. (ఆ కోట 1747లో కట్టినది, నక్షత్రపు ఆకారముగలది. దానిని చూచుటకు దూరమునుండి జనులు వత్తురు. తూమును చూచుటకు ఎవరు వత్తురు?) కోరుట్లలో ఏ వాడకు పోయినను ఆడువారు ఒడిలో చాట పెట్టుకొని బీడీలు చుట్టుచు కనబడిరి. సిరిసిల్లలో నేతగాండ్ర యింటిలోనే మగ్గము గుంత యుండెను. తరువాత సాంచలు వచ్చి ఊరంతయు వాటి చప్పుడుతో నిండెను. ఆ చప్పుడులో పుట్టి పెరిగిన పిల్లలు దానికి మేల్కొనరు. కరెంటు పోయి సాంచలు ఆగినప్పుడు మేల్కొందురు.

ఇక తిండి. మక్క గటకలో చల్ల పోసి, ప్రక్కన ఉల్లిగడ్డ పెట్టి యిచ్చిరి. వానకాలపు సాయంకాలము తపాలా అడుగున పిండి వత్తి, వ్రేలితో తూట్లు పెట్టి, ఆ తూట్లలో నూనె విడిచి కాల్చిన సర్వపిండి యుండెను. సంక్రాంతి ముందర వాడకట్టు ఆడువారందరు కూడి కొత్త బియ్యపు పిండిలో నువ్వులు, వాము కలిపి, తెల్లని గుడ్డమీద వ్రేళ్లతో సకినాలు చుట్టిరి, విరిగినవి పిల్లలవి. పిల్లలు దగ్గర కూర్చుండిరి గనుక కొన్ని విరుగుచుండెను కూడ.

అదే గటక మన యింటను వండిరి గదా? అదే సర్వపిండి మన తల్లియు కాల్చెను గదా? అయినను రుచి అక్కడిదే యని చెప్పుదుము. దీనికి కారణము నాకు తోచినంతవరకు ఇది. స్నేహితుని యింట మనకు పని లేదు. మన యింటనైతే నీళ్లు చేదవలెను, మేకలకు ఆకు తేవలెను, చెల్లెలిని చంకనెత్తుకొని తిరుగవలెను. మన యింటికి అప్పులవాడు వచ్చినప్పుడు తండ్రి ముఖము ఎట్లు మారెనో మనమెరుగుదుము. స్నేహితుని యింటికి వచ్చిన అప్పులవాడు మనకు చుట్టమువలె కనబడెను. మనము ఆ యింటి సుఖమును చూచితిమి, దాని వెల చూడలేదు. పిల్లలము గనుక అది తప్పు కాదు. పిల్లవానికి వెల చూపకుండుటయే ఆ యింటివారి మర్యాద.

ఇశ్రాయేలీయులు అరణ్యములో కూర్చుండి ఐగుప్తును తలంచుకొన్నప్పుడు వారి నోటికి వచ్చిన వస్తువులను చూడుడి. చేపలు, కీరకాయలు, ఉల్లిపాయలు, తెల్లగడ్డలు. అవన్నియు తమకు ఊరకయే దొరికెనని చెప్పుకొనిరి. ఇటుకలు ఎక్కడ పోయెను? మట్టి త్రొక్కిన కాళ్లు, దెబ్బలు తినిన వీపులు ఎక్కడ పోయెను? నాలుకకు జ్ఞాపకమున్నది, వీపు మరచిపోయెను. వారు అబద్ధమాడిరని నేను చెప్పను. కీరకాయలు నిజమే. ఆ ‘ఊరక’ అను మాట దగ్గరనే వారు దారి తప్పిరి.

కోరుట్లలో పూర్వము చేతితో ముతక కాగితము చేసిరి. నిజాము కాలమున అది పట్వారీల లెక్క పుస్తకములకు పోయెను. ఆ పుస్తకములలో జమ ఒక ప్రక్క, ఖర్చు ఒక ప్రక్క వ్రాయవలెను. ఖర్చు వ్రాయని పట్వారీని ఎవరు నమ్ముదురు? స్నేహితుని యింటిని గూర్చిన మన లెక్కలో జమయే నిండియున్నది. ఖర్చు ప్రక్క ఏమి వ్రాయవలెనో ఇప్పుడు చూతము.

బీడీ పని చేయు యింటిని తీసికొందము. తునికాకు ఎండకాలమున అడవిలో కోయబడి కట్టలుగా వచ్చును. దానిని తడిపి, తడిగుడ్డలో చుట్టి మెత్తబరచి, రేకు ముక్కను కొలతగా పెట్టి కత్తెరతో కోయవలెను. ఒక్కొక్క ఆకులో చిటికెడు తంబాకు పోసి, చుట్టి, మొన మడిచి, దారము కట్టవలెను. 25 బీడీలు ఒక కట్ట, 40 కట్టలైన 1,000. కూలి వేయింటికి ఇంతయని లెక్క. పొయ్యి దగ్గర లేచిపోయిన ప్రతిసారియు లెక్క వెనుకబడును. ఇచ్చిన ఆకులో చినిగినవి, పురుగు తినినవి యున్నయెడల లోటు ఆమెదే. చేతి డబ్బుతో ఆకు కొని వేయి నింపవలెను. సరిగా లేవని కార్ఖానాలో తీసివేసిన బీడీలకు కూలి లేదు. 1966లో బీడీ కార్మికుల కొరకు పార్లమెంటు ఒక చట్టము చేసెను. అది మంచి చట్టమే గాని, చట్టపు చూపు కార్ఖానా గోడల వరకు పోయినంత సులువుగా యింటి అరుగు వరకు పోలేదు.

ఇట్టి స్త్రీ చాట దించి, చేతులు కడిగికొని, తన కొడుకుతో కూడ వచ్చిన మరియొక బిడ్డకు కంచము పెట్టినప్పుడు ఎన్ని బీడీలు ఆగిపోయెనో లెక్కించుడి. ఆ తరువాత ఆమె చిమ్ని దగ్గర కూర్చుండి వాటిని నింపెను. అప్పటికి మనము మన యింట నిద్రపోవుచుంటిమి.

కోరుట్ల వాడలలో పెరిగిన ఒక స్త్రీతో ఒకసారి ఈ సంగతి మాటలాడితిని. ఆమె తమ్ముడు మాతోటివాడు. ఆ యింటిని, బావిని, అరుగును నేను పొగడుచుండగా ఆమె నవ్వి యిట్లనెను: “నీకేందె తమ్మీ, నువ్వు ఆడుకోనీకి వచ్చెటోనివి. నాకైతె ఆ ఇల్లు యాదికొస్తె నడుము గుంజుతది.” ఆమె ఎనిమిదేండ్ల నాటనుండి తల్లి ప్రక్కన కూర్చుండి మొనలు మడిచినదట. బడి అరుగుమీదనుండి కనబడుచుండెనట. కొంతసేపు ఊరకుండి మరల అనెను: “గని ఆ బాయి నీళ్ల రుచి యేడ దొరకది గదా.”

ఈ రెండవ మాటను విడిచిపెట్టి మొదటి మాటనే పట్టుకొనువారు కొందరున్నారు. పాత యిండ్లన్నియు కష్టపు కొంపలే, ఆడువారి చెమటమీద నిలిచినవే, వాటిని తలంచుట వెర్రితనమని వారందురు. వారి మాటలో నిజమున్నది గాని నిండు నిజము లేదు. నడుము నొచ్చినదియు ఆమెయే, నీళ్ల రుచి చెప్పినదియు ఆమెయే. ఇశ్రాయేలీయుల తప్పు కీరకాయలను తలంచుట కాదని పైన చెప్పితిని. ఆమె యే లెక్కయు దాచలేదు. నడుము మాట ముందు చెప్పి నీళ్ల మాట తరువాత చెప్పెను.

ఇప్పుడు మీకొక చిన్న ప్రశ్న. మీ స్నేహితుని తల్లి పేరేమి?

చాలమంది ఇక్కడ ఆగిపోవుదురు. ‘ఫలాన వాని అమ్మ’ అని పిలిచితిమి, లేదా చిన్నమ్మ యనియో, పెద్దమ్మ యనియో, అత్త యనియో పిలిచితిమి. ఇంటిలోని పెద్దలు ఆమెను ఆమె పుట్టిన యూరి పేరుతో పిలిచిరి. ఆమె పేరు కార్ఖానావారి పుస్తకములో ఉండెను. ఆమె వ్రేళ్లు ఒక దినమున ఎన్ని కట్టలు చుట్టెనో వ్రాసికొనినవారికి ఆమె పేరు తెలిసెను. ఆమె చేతి అన్నము తినిన మనకు తెలియలేదు.

పౌలు వెనుకటివాటిని మరచి ముందుకు సాగుచున్నానని చెప్పినవాడు గదా, ఆయన మాటనే తలంపునకు విరోధముగా తెత్తురు. అయితే ఆ చోట ఆయన మరచినది తన ఘనతను. ఆయనయే రోమా సంఘమునకు వ్రాసిన పత్రిక చివర రూఫు అను సహోదరునికి వందనము చెప్పుచు, అతని తల్లికిని వందనము చెప్పి, ఆమె తనకును తల్లియే యనెను. ఎప్పుడు, ఏ యూర, ఎన్ని దినములు ఆమె ఆయనకు అన్నము పెట్టెనో అచ్చట వ్రాయబడలేదు. కృపను గూర్చియు విశ్వాసమును గూర్చియు అంత లోతుగా వ్రాసిన చేయి, ముగించుటకు ముందు ఒక స్నేహితుని తల్లిని తలంచెను. ఆమె పేరు ఆ పత్రికలోను లేదు! అయినను వందనము ఆమెకు చేరెను.

మరియొక సంగతి చెప్పకపోయినయెడల ఈ వ్రాత సగమే యగును. స్నేహితుని యింటి గడప ఎంత యెత్తో జ్ఞాపకమున్నదా అని మొదట అడిగితిని. మనలో కొందరికి ఆ గడప మరి బాగుగా జ్ఞాపకము, ఏలయనగా దానిని దాటలేదు. బడిలో ఒకే చాపమీద కూర్చుండి, ఒకే పలకమీద బొమ్మలు గీసి, సాయంకాలము వాని యింటికి పోయినప్పుడు అరుగు దగ్గర కాళ్లు ఆగిపోయెను. ఆగుమని ఎవరును చెప్పనక్కరలేదు, ఊరు చెప్పియుండెను. నీళ్లు పైనుండి దోసిట పోసిరి, లేదా మనకని చూరులో పెట్టిన గ్లాసులో పోసిరి. అది స్నేహితుని యిల్లా? స్నేహితుడు నిజమే. ఇల్లు మాత్రము అతనిదిగా లేదు. ఊరి కట్టుబాటు చేతిలో ఉండెను. ఇట్టివారిని కూర్చుండబెట్టి పాత దినములెంత మధురములు అని పాడుమనుట క్రూరము. పాత దినములను పొగడువారు, ఆ దినములలో ఏ ప్రక్క కూర్చుండి చూచిరో ముందుగా చెప్పవలెను.

కాని గడప దాటించిన యిండ్లును ఉన్నవి. మా వాడకు దగ్గరనున్న ఒక నేతగాని యింటిలో ఒక పెద్దవ్వ, దర్వాజ దగ్గర నిలుచున్న పిల్లవానిని చూచి, “ఆడ్నే ఎందుకు నిలవడ్డవ్ బిడ్డా, లోపటికి రా” అనెను. ఆమె ఏ సభలోను మాటలాడలేదు, ఏ సంస్కరణ పుస్తకము చదువలేదు. ఇరుగుపొరుగువారు ఆమెను ఏమనిరో ఆ పిల్లవానికి చాల సంవత్సరముల తరువాత తెలిసెను. లోపటికి రా యనుట రెండు మాటలే గాని, వాటికి ఆమె వాడలో చెల్లించిన వెల కట్ట లెక్కతో తేలునది కాదు.

ఇదే కొరత మరియొక రీతిగా పైస్థలములలోను ఉండెను. 1912లో దోర్నకలు బిషప్పుగా అభిషేకము పొందిన అజరయ్యగారు, దానికి రెండేండ్ల ముందు, 1910లో ఎడింబరో పట్టణమున జరిగిన మిషనరీల మహాసభలో మాటలాడిరి. దూరదేశమునుండి వచ్చిన మిషనరీల త్యాగమును ఆయన తక్కువ చేయలేదు. అయితే వారి యింటి బల్లయొద్ద ఈ దేశపు తోటి పనివారికి చోటు కనబడుట లేదని, ఇప్పుడు కావలసినది స్నేహితులని వారి ముఖము ఎదుటనే చెప్పెను. అప్పుడది అనేకులకు చేదుగా తోచెను. బడులు కట్టినవారికి, ఆసుపత్రులు కట్టినవారికి, ఒక పూట కలిసి తినుట అంత పెద్ద సంగతియా అని తోచియుండవచ్చును. లోపటికి రా యని పిలువబడినవానికి తెలియును, పిలువబడనివానికి మరి బాగుగా తెలియును.

ఇక ఆ యిండ్లు ఏమాయెను? 1973 తరువాత నూనె ధర పెరిగి గల్ఫు దేశములలో పనులు లేచినప్పటినుండి ఈ తాలూకాల మగవారు దుబాయికి, బహ్రెయినుకు, మస్కటుకు పోయిరి. పంపిన డబ్బుతో గూనపెంకు దింపి స్లాబు వేసిరి. అరుగు తీసి గేటు పెట్టిరి. ఇందుకు వారిని నిందించువారితో నేను ఏకీభవింపను. కారు చూరు క్రింద గిన్నెలు పెట్టి రాత్రులు గడపినవారు గట్టి కప్పు కోరుట న్యాయమే. వచ్చి చూచి, పాత దర్వాజ ఏది యని ముఖము చిన్నబుచ్చుకొను మనమా దాని క్రింద తడిసినవారము?

సిరిసిల్ల సీమలో కొన్ని యిండ్లకు మరియొక గతి పట్టెను. మానేరుమీద మానువాడ దగ్గర కట్టిన మధ్యమానేరు జలాశయము 25 టి.ఎం.సి.లకు పైగా నీళ్లు పట్టును. దాని క్రింద కొదురుపాక, వరదవెల్లి, రుద్రవరము, చీర్లవంచ మొదలగు గ్రామములు మునిగెను. ఇండ్లకు పరిహారము కట్టునప్పుడు గోడల కొలత, కప్పు కొలత, బావి, చెట్టు అన్నియు వ్రాసిరి. ఎక్కువో తక్కువో, ఎవరి యింటికి వారికి లెక్క కట్టిరి. ఆ లెక్కలోనికి రానిదొకటున్నది. ఒకడు తన యింటిని పోగొట్టుకొనెను, దానికి పత్రమున్నది. వాడే తన స్నేహితుని యింటిని కూడ పోగొట్టుకొనెను. ఏ కచేరికి పోయి, నేను తినిన కంచము అచ్చట మునిగినదని అర్జీ పెట్టుకొనవలెను? చట్టమును తప్పుపట్టుటకు ఈ మాట చెప్పుట లేదు. చట్టమునకు ఇది చేతకాదు. తలంపునకే చేతనగును. బెంగ పనికిమాలినదని చెప్పువారికి నేనిచ్చు జవాబు ఇదియే. ఏ రిజిస్టరులోను ఎక్కని బాకీకి అది యొక్కటే సాక్షి. సాక్షి చెప్పునది అంతయు చెప్పవలెను గాని, సాక్షిని నోరుమూయించుట న్యాయము కాదు.

బాకీ యున్నప్పుడు ఎవరికి చెల్లింపవలెనని మీరడుగుదురు. ఆ తల్లులలో చాలమంది లేరు. ఉన్నవారు ముసలివారైరి. 2015లో తెలంగాణ ప్రభుత్వము బీడీ కార్మికులకు నెలకు 1,000 రూపాయల జీవనభృతి మొదలుపెట్టి, 2019లో దానిని 2,016 రూపాయలు చేసెను. కొడుకులు గల్ఫులో, కోడండ్రు పట్టణములలో, స్లాబుటింటిలో ఆమె ఒక్కతె. ఆదివారము కూటము ముగిసి మీరు ఇంటికి పోవు దారిలో ఆ వాడ ఎంత దూరమున్నది? ఆమె మిమ్మును గుర్తుపట్టకపోవచ్చును. “ఎవ్వల కొడుకువు బిడ్డా” అని అడుగును. మీరు తండ్రి పేరు చెప్పుదురు, ఆమెకు తోచదు. ఆమె కొడుకు పేరు చెప్పి, వానితో కూడ వచ్చెడివాడనని చెప్పుడి. అప్పుడు తోచును. మొదట ఆమె అడుగునది మీ ఉద్యోగము కాదు, తిన్నావా యని అడుగును. ఆమె పేరేమో అప్పుడు మీరు అడుగవచ్చును.

మునిగిన యూళ్లవారి కొరకు వేసిన కాలనీలలో వీధులు త్రాడు పట్టినట్లు తిన్నగా ఉన్నవి. ప్లాట్లు నంబరు వరుసను వచ్చెను గనుక పాత వాడలో గోడకు గోడ ఆనియున్న యిండ్లవారు ఇప్పుడు ఒకరు ఈ కొసను, ఒకరు ఆ కొసను ఉన్నారు. అట్టి చోట ఒక మధ్యాహ్నము ఒక ముసలామె కొంగు క్రింద గిన్నె పెట్టుకొని ఎండలో నాలుగు వీధులు దాటి పోవుట చూచితిని. ఆమె పోయిన యింటికి అరుగు లేదు. ఇంటి యామె బయటికి వచ్చెను, ఇద్దరును మేడమెట్ల మీద కూర్చుండిరి. గిన్నె చేతులు మారెను. మూత తీసి చూచి, “ఏం కూర వండినవే?” అని ఆమె అడుగుచుండెను.